శేషగిరి స్వామి పాద మహిమ

హారిస్‌డేల్, పెర్త్
24 నవంబర్ 2025

మాతా కాత్యాయనీ,

కంగారు పడకు, నాకు మతి పోలేదు. అయ్యప్ప మాల వేసుకున్నాను. దీక్షలో ఉన్నవాడు ఆడవాళ్ళందరినీ మాతా అనే పిలవాలి. మీ అక్కని అలా పిలవడం మూడు రోజుల్లో అలవాటైపోయింది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా భయభక్తులు ఉన్నవే కదా! మరదల్ని మాతా అనడానికి మాత్రం నోరు రావడం లేదు, అందుకని రాసేస్తున్నాను.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటి బావా అంటావు. ఫోన్ చేస్తే మీ అక్క లీల స్పీకర్ పెట్టమంటుంది. వాట్సాప్ పెడితే అది లీల ఐప్యాడ్‌లో కూడా కనిపించేలా మా అమ్మాయి అపూర్వ ఏదో మీట నొక్కి వెళ్ళింది. ఇక మిగిలింది గేటు దగ్గర పోస్టు డబ్బా. అందులో రెడ్‌బ్యాక్ అనే విషపు సాలీడు కాపురం పెట్టిందని మీ అక్క దాని దరిదాపులకి రాదు. సాలీడు పోయి ఆరు నెలలైంది. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు.

అసలు విషయానికి వస్తున్నా. నిన్న ఆదివారం గుళ్ళో పదకొండు మంది స్వాములం కలిశాం. మధ్యాహ్నం పన్నెండు, ముప్ఫై ఎనిమిది డిగ్రీలు. గుడి చుట్టూ సిమెంటు పలకలు పెనంలా కాలుతున్నాయి. కుర్ర స్వాములందరూ కుప్పిగంతులు. దీక్షిత్ అని ఓ సాఫ్ట్‌వేర్ స్వామి సగంలోనే "బ్రో, నా వల్ల కాదు" అని గడ్డిలోకి పరుగెత్తాడు. నేనో? శరణుఘోష చెప్పుకుంటూ తివాచీ మీద నడిచినట్టు మూడు ప్రదక్షిణలు చేశాను. ఒక్క చురుకు లేదు! మా గురుస్వామి రామానుజం గారు కళ్ళజోడు సర్దుకుని "ఏం స్వామీ, మీకు కాలడం లేదా?" అన్నారు. "అంతా స్వామి దయ" అన్నాను. ఇక చూసుకో, జనం నా కాళ్ళ మీద పడడం. విద్యావతి ఆంటీ అయితే నా పాదధూళి కళ్ళకద్దుకుంది. అరవై ఆరేళ్ళ వయసులో, గనుల్లో డ్రిల్లులు బాగుచేసి రిటైరైన వాడికి ఈ వైభవం ఎక్కడిది చెప్పు?

ఒక చిన్న మాట. కుడి అరికాల్లో, బొటనవేలి మొదట్లో కాయ కాసింది. నొప్పేమీ లేదు. తెలిస్తే మీ అక్క చెప్పులు వేయిస్తుంది, దీక్ష మంటగలుస్తుంది. నువ్వు ఆస్పత్రిలో కాళ్ళ డాక్టరమ్మవి కదా, ఏదో ఒక ఆయింట్‌మెంటు పేరు రాసి పంపు. లీలకి చెప్పనని ఒట్టు పెట్టు.

స్వామి శరణం.
శేషగిరి స్వామి

డార్విన్
1 డిసెంబర్

నాయనా శేషగిరీ,

మాతా అన్నాక మాతలాగే పలకాలి కదా. దీర్ఘాయుష్మాన్ భవ. ముచ్చట తీరింది, ఇక బావగారనే అంటాను.

ఇక్కడ వానలు పూర్తిగా దిగలేదు, ఉక్క ప్రాణం తీస్తోంది. మీ కవరు కూడా చెమటపట్టి వచ్చింది. నవ్వుకుంటూనే చదివాను. తివాచీ దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

బావగారూ, ఆ ఎండలో సిమెంటు కాలాలి. దీక్షిత్ పరుగెత్తాడంటే అతని కాళ్ళు బాగున్నాయని. మీరు పరుగెత్తలేదంటే మీవి బాగాలేవని. మీకు షుగర్ వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. షుగర్ ఎక్కువైన రక్తం ముందుగా పాదాల నరాల్నే పాడుచేస్తుంది. వేడి, నొప్పి కబురు తల దాకా వెళ్ళదు. అంతటితో అయిపోదు. చెమట పట్టించే నరాలు కూడా పోయి అరికాలు ఎండి పగుళ్ళిస్తుంది. పాదంలోని చిన్న చిన్న కండలు క్షీణించి వేళ్ళు కొంకర్లు పోతాయి. పోయినేడు మా ఇంటికొచ్చి సోఫా మీద కాళ్ళు బారజాపినప్పుడు చూశాను, మీ వేళ్ళు అప్పటికే వంగాయి. అప్పుడే చెప్పాను కూడా. మీరు టీవీ సౌండు పెంచారు.

వేళ్ళు అలా వంగితే, అరికాల్లో ఎముకల కింద ఉండే మెత్తటి కొవ్వు ముందుకి జారిపోతుంది, పాత బూరుగుదూది పరుపులో దూదంతా ఓ మూలకి చేరినట్టు. ఇక ఎముకకీ నేలకీ మధ్య మిగిలేది చర్మం ఒక్కటే. అది తనని కాపాడుకోవడానికి గట్టిపడి కాయ కడుతుంది. ఆ కాయ నడిచినప్పుడల్లా లోపలి కండని రాయిలా నొక్కుతుంది. కింద కండ నలిగి పుండైనా మీకు తెలియదు. మా క్లినిక్‌కి వచ్చిన ఓ ట్రక్ డ్రైవరు బూటులో నట్టు పడితే రెండు రోజులు దాని మీదే నడిచాడు. సాక్సు ఎర్రబడేదాకా అతనికి తెలియలేదు.

అందుకని ఆయింట్‌మెంటు రాయను. ఒక పరీక్ష చెబుతాను. కళ్ళు మూసుకోండి. రెండు కాళ్ళలోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు, మొత్తం ఆరు వేళ్ళ కొసల్ని ఎవరైనా ఒక్కోసారి మెల్లిగా ముట్టుకోవాలి. ముట్టుకున్నప్పుడల్లా మీరు చెప్పాలి. రెండు తప్పితే నరాలు పోయినట్టే, వెంటనే మీ జీపీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అప్పటిదాకా ఆ కాయ జోలికి పోకండి, బ్లేడు అసలే పెట్టకండి. ఇంట్లో నడవడానికైనా చెప్పులు వేసుకోండి.

ఒట్టు పెట్టించుకున్నారు కనక అక్కకి ఇప్పటికి చెప్పను. ఆ ప్రసాదం పాయసం ఎన్ని గిన్నెలు తాగుతున్నారో కూడా రాయండి.

మాత కాత్యాయని

హారిస్‌డేల్
8 డిసెంబర్

కాత్యా,

ఆరుకి ఆరు! పరీక్ష పాసయ్యాను, డిస్టింక్షన్. మీ అక్కని అడిగితే ఎందుకని నిలదీస్తుంది కనక నేనే చేసుకున్నాను. బాత్రూములో తలుపు గడియ పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, నా చూపుడు వేలితో ఒక్కో వేలూ ముట్టుకున్నాను. అన్నీ తెలిశాయి. నీ చదువు మీద నాకు గౌరవమే గానీ, ట్రక్ డ్రైవర్నీ అయ్యప్ప స్వామినీ ఒక గాటన కట్టకు.

పాయసానికి లెక్క పెట్టలేదు. ప్రసాదంలో షుగర్ ఉండదని శాస్త్రం.

చెప్పులు మాత్రం కుదరవు. ఈ దేశం దీక్షకే పుట్టినట్టుంది. ఉత్త కాళ్ళతో సూపర్‌మార్కెట్‌కి వెళ్తే నన్నొక్కరూ వింతగా చూడలేదు. నా ముందు నిలబడ్డ ఆసీ కూడా ఉత్త కాళ్ళే, పైగా చొక్కా కూడా లేదు. "గుడ్ ఆన్యా మేట్" అని మెచ్చుకున్నాడు.

అసలు అద్భుతం శనివారం జరిగింది. మా ఇంట్లో పడిపూజ పెట్టుకున్నాం, నలభై మంది వచ్చారు. పీఠం ముందు తెల్లబట్ట పరిచాం. హారతిచ్చి నేను పక్కకి జరిగేసరికి ఆ తెల్లబట్ట మీద ఎర్రగా గుండ్రంగా ఒక గుర్తు! నేను నిలబడిన చోటే. విద్యావతి ఆంటీ కెవ్వుమంది. "స్వామి పాదం! స్వామే వచ్చి నిలబడ్డాడు!" అంది. ఫోన్లు బయటికొచ్చాయి. మీ అక్క ఎప్పటిలాగే "కుంకుమ తొక్కుంటారు" అని ఆ బట్టని వాషింగ్ మెషీన్‌లో పడేయబోయింది. విద్యావతి ఆంటీ లాక్కుని, తాంబూలంతో సహా వాళ్ళింటికి పట్టుకుపోయింది. రోజూ దాని ముందు దీపం పెడుతోందట. రామానుజం గారొక్కరే ఫోన్ తియ్యలేదు. వెళ్ళేటప్పుడు నా కాళ్ళవైపు ఓసారి చూసి "మీరు కాస్త కూర్చోండి స్వామీ" అన్నారు.

నిజం చెప్పాలంటే ఆ రోజు కుంకుమ భరిణె పీఠానికి అవతలివైపు ఉంది. నేను అటువైపు వెళ్ళలేదు. ఆలోచించడం ఎందుకులే అనుకున్నాను.

ఇరవై రెండు రోజులు పూర్తయ్యాయి.

శేషగిరి స్వామి

డార్విన్
15 డిసెంబర్

బావగారూ,

మీ వేలితో మీ కాలు ముట్టుకుంటే ఎప్పుడు ముట్టుకున్నారో మీకు తెలియక పక్కింటివాళ్ళకి తెలుస్తుందా? చెప్పింది మీ చెయ్యి. కాలు నోరు మెదపలేదు. ఇంజనీరింగ్ ఎలా పాసయ్యారు మీరు?

విద్యావతి గారి పూజామందిరంలో ఉన్నది మీ రక్తం. ఆవిడ మీ పుండుకి దీపం పెడుతోంది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కాగితం తీసుకున్నాను. లంచ్ మానేసి ఇది రాస్తున్నాను.

ఈ ఉత్తరం అందగానే కుర్చీలో కూర్చుని, అద్దం కింద పెట్టి కుడి అరికాలు చూసుకోండి. కాయ మధ్యలో నల్లగా గానీ ఎర్రగా గానీ ఉన్నా, చెమ్మగా ఉన్నా, వాసన వచ్చినా, పుండు లోపలికి దిగినట్టే. ఎంత లోతో పైకి తెలియదు. మీకు నొప్పి లేకపోవడం ధైర్యం చెప్పే విషయం కాదు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో వేళ్ళు పోయినవాళ్ళంతా మొదట "నొప్పేమీ లేదమ్మా" అన్నవాళ్ళే. పుండు ఎముక దాకా వెళ్తే వేలు తీసేస్తారు. అప్పటికీ ఆగకపోతే పాదం. ఇంతకన్నా మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

మొన్నటిదాకా ఇదంతా నాకూ సరదాగానే ఉంది. ఇప్పుడు లేదు. ఇవాళ అక్కకి ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు నొక్కాను. అయితే నా నోటి వెంట వింటే అది మిమ్మల్ని జన్మలో క్షమించదు. అందుకని ఎక్స్‌ప్రెస్ పోస్టులో వేస్తున్నాను, గురువారానికి మీకు అందుతుంది. ఆ సాయంత్రం మీ టైము ఆరింటికి అక్కకి ఫోన్ చేస్తాను. ఈలోగా మీరే చెప్పి ఆస్పత్రికి వెళ్ళారా సరే. లేదా ఒట్టు గట్టు మీద పెట్టి ఉన్నదంతా చెప్పేస్తాను. కాలు ఎర్రబడి వాచినా, చలిజ్వరం వచ్చినా ఆరింటిదాకా కూడా ఆగొద్దు.

కాత్యాయని

హారిస్‌డేల్
గురువారం, 18 డిసెంబర్, సాయంత్రం నాలుగు

కాత్యా,

చూసుకున్నాను. లీల చేతి అద్దం తీసుకెళ్ళి గరాజ్‌లో కూర్చుని చూసుకున్నాను. కాయ మధ్యలో అయిదు సెంట్ల బిళ్ళంత నల్లటి గుంట ఉంది. చుట్టూ తెల్లగా నానినట్టుంది. వాసన ఉంది. ఇన్నాళ్ళూ అది గరాజ్‌లో చచ్చిన ఎలక వాసన అనుకుని రెండు బోన్లు కొన్నాను.

నీకు కోపం వస్తుందని తెలుసు. అయినా ఒకటి చెప్పాలి, ఎవరికీ చెప్పలేదు. పేరు కోసం ఈ మాల వేసుకున్నానని నువ్వనుకుంటున్నావు. కాళ్ళకి దండాలు పెడుతుంటే బాగానే ఉంది, కాదనను. కానీ వేసుకున్నది అందుకు కాదు.

జూలైలో లీల రొమ్ములో గడ్డ కనపడి బయాప్సీ చేశారు, నీకు గుర్తుంది కదా. రిజల్టు తొమ్మిది రోజులకి వచ్చింది. ఆ తొమ్మిది రోజులూ తను మామూలుగా వంట చేసింది, అపూర్వతో నవ్వుతూ మాట్లాడింది. నేను మాత్రం పాలు తెస్తానని వెళ్ళి కారులో కూర్చుని ఏడ్చేవాణ్ణి. అయిదో రోజున కారు పార్కులో మొక్కుకున్నాను. అది చెడ్డగడ్డ కాకపోతే నలభై ఒక్క రోజులు నేల మీద చెప్పు పెట్టకుండా దీక్ష చేస్తానని. కాలేదు. మొక్కు సంగతి తనకి చెప్పలేదు. దేవుడితో బేరాలు పెట్టుకునేవాళ్ళంటే మీ అక్కకి చిరాకని తెలుసు కదా.

ఇవాళ ముప్ఫై రెండో రోజు. ఇంకా తొమ్మిది ఉన్నాయి. ఇప్పుడు చెప్పులేసుకుంటే ఆ గడ్డ మళ్ళీ వస్తుందేమోనని నా భయం. ఇంజనీర్ని, ఇలాంటివి నమ్మకూడదని తెలుసు. అయినా భయంగా ఉంది కాత్యా. కాలు పోతుందన్నదానికంటే ఇదే ఎక్కువ భయంగా ఉంది.

వంటింట్లో లీల బచ్చలికూర తరుగుతోంది. చేతిలో కత్తి ఉంది. అది కింద పెట్టాక చెబుతాను.

శేషగిరి

డార్విన్
22 డిసెంబర్

బావగారూ,

గురువారం మీ టైము సరిగ్గా ఆరింటికి ఫోన్ చేశాను. అక్క ఎత్తింది. "ఎమర్జెన్సీలో ఉన్నాం. ఆయన సంగతి డాక్టర్లు చూస్తున్నారు. మూడు వారాలు నా దగ్గర దాచిన దాని సంగతి నేను తర్వాత చూస్తాను" అని పెట్టేసింది. అప్పటినించీ ఫోన్ మోగితే ముందు నంబరు చూసి ఎత్తుతున్నాను.

మీ ఉత్తరం ఈ రోజే అందింది. మెట్ల మీద కూర్చుని చదివాను. అక్క కోసమని నాకు తెలియదు బావగారూ. తెలియక చాలా మాటలన్నాను. కాళ్ళ గురించి అన్నవి వెనక్కి తీసుకోను, డాబు కోసమని మనసులో అనుకున్నవి తీసుకుంటాను. తప్పు నాదీ ఉంది. మీ మొదటి ఉత్తరం చదివిన రోజే నేను ఫోన్ చెయ్యాల్సింది. ఉత్తరాల కోసం ఎదురుచూడడం సరదాగా ఉండి ఆగాను. ఏ పేషంటు విషయంలోనూ ఇలా చెయ్యలేదు.

మొక్కు సంగతి నాకు తెలియదు, అది నా చదువులో లేదు. రామానుజం గారిని అడగండి. కాలి సంగతి తెలుసు కాబట్టి చెబుతున్నాను, ఆ కాలి మీద బరువు మోపకండి. మందు ఎంత మంచిదైనా, నడుస్తూ ఉంటే ఆ పుండు మానదు. ఎమ్మారై స్కాన్ తీసే ఉంటారు, అందులో ఎముక గురించి ఏం చెప్పారో వెంటనే రాయండి. స్పీకర్ పెట్టి ఫోన్ చేసినా సరే.

మీ కాత్య

హారిస్‌డేల్
28 డిసెంబర్

కాత్యా,

నిన్నటితో నలభై ఒక్క రోజులు. మాల తీసేశాను కనక ఇక నువ్వు మాతవి కావు, మామూలు మరదలివే. పదవి పోయినందుకు సంతాపం.

ఎముక బాగుంది. ఇంకో రెండు వారాలు ఆలస్యమైతే వేలు తీసేవాళ్ళమని డాక్టరు చెప్పాడు. కాయంతా చెక్కేసి, కింద ఉన్న కుళ్ళంతా తీసి కట్టుకట్టారు. అది చేస్తుంటే నాకు మత్తు కూడా అక్కర్లేకపోయింది. నా కాలిని కోస్తుంటే నేను పక్కనే ఉన్న టీవీలో క్రికెట్ చూశాను. అప్పుడు భయమేసింది, నువ్వు రాసింది చదివినప్పటికన్నా ఎక్కువ. మోకాలి దాకా పెద్ద బూటు తొడిగి వీల్‌చైర్‌లో కూర్చోబెట్టారు. పుండు అంచులు దగ్గరికి వస్తున్నాయట, పూర్తిగా మానడానికి రెండు మూడు నెలలు పడుతుందన్నారు. పాయసం ఆపేశాను. విద్యావతి ఆంటీకి లీల ఫోన్ చేసి "ఆ బట్ట ఇచ్చెయ్యండి, అది మావారి పుండు" అంది. ఆవిడ దాన్ని కవర్లో చుట్టి గుమ్మం ముందు పెట్టి, బెల్లు కొట్టకుండా వెళ్ళిపోయింది.

చేరిన రాత్రే రామానుజం గారు ఆస్పత్రికి వచ్చారు. "ఒంట్లో బాగాలేనివాడు బట్టచెప్పులు వేసుకుంటే స్వామి ఏమీ అనుకోడు. ఆ రోజే అనుమానం వచ్చింది స్వామీ, అడిగితే బాధపడతారని ఊరుకున్నాను" అన్నారు. నాకు మాత్రం మనసు కుదుటపడలేదు. ఆయన వెళ్ళాక లీలకి మొక్కు సంగతి మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. "గడ్డ నాది. నన్నడక్కుండా మొక్కుకోవడానికి మీరెవరు?" అంది. ఆ తర్వాత, "ఇంకా ఎన్ని రోజులున్నాయి?" అంది.

ఆ తొమ్మిది రోజులూ మీ అక్క నడిచింది. ఇంట్లో, షాపులో, గుళ్ళో, ఉత్త కాళ్ళతో. వద్దని నేను మొత్తుకున్నాను. పొద్దున్నే వెళ్దామన్నాను. ఎనిమిది రోజులు విన్నది. నిన్న ఆఖరి రోజు పూజ ఆలస్యమై పదకొండైంది, నలభై డిగ్రీలు. నన్ను నీడలో ఉంచి ప్రదక్షిణకి బయల్దేరింది. నీకు తెలుసు కదా, నాకూ స్వామికీ తప్ప ఎవరికీ బెదరని మనిషి, సారీ, నాకు కూడా బెదరదు. అలాంటిది గబగబా, కాళ్ళెత్తి కాళ్ళెత్తి వేస్తూ, పళ్ళు బిగబట్టి మూడుసార్లు తిరిగింది. మధ్యలో నా ముందు నించి వెళ్తూ "ఇది కాలడం లేదని ఎలా అన్నారండీ!" అని అరిచింది. దీక్షిత్ ఆవిడ పక్కనే బాటిల్లోని నీళ్ళు నేల మీద పోస్తూ నడిచాడు. నాకు సిగ్గేసింది. ఇన్నాళ్ళూ నేను మొక్కు తీరుస్తున్నానని అనుకున్నాను. నాకేమీ కాలనప్పుడు అందులో నేనిచ్చిందేముంది?

ఇంటికి రాగానే తనని కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళు టబ్బులో పెట్టించి, వీల్‌చైర్ దగ్గరికి లాక్కుని చల్లటి కుళాయి నీళ్ళు పోశాను. మా పెళ్ళిలో మీ నాన్నగారు పళ్ళెంలో నా కాళ్ళు కడిగారు. ఈ కాళ్ళకి అంత మర్యాద ఎందుకో నాకు అప్పుడూ అర్థం కాలేదు. లీల అరికాళ్ళు ఎర్రగా ఉన్నాయి, బొబ్బలు లేవు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాటిని నేను సరిగ్గా చూడనేలేదు. చేతి బొటనవేలితో మెల్లిగా ఒక్కో కాలివేలూ ముట్టుకున్నాను.

"అబ్బా! మెల్లిగా, మండుతోంది" అంది.

మండుతోందని తను అంటుంటే నాకు ఏడుపొచ్చింది కాత్యా, సంతోషంతో. "ఇంకోసారి అను" అన్నాను. పిచ్చాడివైపు చూసినట్టు చూసి, మళ్ళీ అంది.

నీ బావ
శేషగిరి